బోయనేర్గెసు అని ఫ్లెక్సీ మీద వేయించుకోవచ్చా?

ప్రశ్న: అన్నయ్య గారికి వందనాలు. మాది కోనసీమలో ఒక పల్లె. నాన్నగారు ఇక్కడి సంఘానికి చాలా ఏళ్ళుగా కాపరి. తమ్ముడు బైబిల్ కాలేజీ ముగించుకుని వచ్చి ఆయనతో పాటే సేవ చేస్తున్నాడు. నాన్నగారు ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పినట్టు వాక్యం చెబుతారు. తమ్ముడు మైకు పట్టుకున్నాడంటే చెరువు అవతలి గట్టుకి కూడా వినిపిస్తుంది. యూత్ పిల్లలు వాణ్ణి 'బోయనేర్గెసు' అని పిలుస్తున్నారు. వచ్చే నెల ఉజ్జీవ కూటాల ఫ్లెక్సీ మీద వాడి పేరుకి ముందు ఆ మాట వేయించాలంటున్నారు. నాన్నగారికి ఇష్టం లేదని నాకు తెలుసు, కానీ ఆయన పైకి అనరు.

ఇంకో సంగతి. మొన్న ఒక వీధిలో కరపత్రాలు పంచబోతే అక్కడివాళ్ళు వద్దని పంపేశారు. ఆ ఆదివారం తమ్ముడు ప్రసంగంలో ఆ వీధి పేరెత్తి, దేవుని అగ్ని దిగివస్తుందని గట్టిగా అరిచాడు. అమ్మకి అప్పట్నుంచి టెన్షన్. రాత్రికి వాడి గొంతు కూడా పోతోంది. అసలు ఈ పేరుకి అర్థమేంటి? ఎక్కడ్నుంచి వచ్చింది? అది పొగడ్తా, కాదా? ఫ్లెక్సీ మీద నాన్నగారి ఫోటో పెద్దది ఉండాలా, తమ్ముడిదా అని కూడా ఇంట్లో గొడవగా ఉంది.
— ఒక అక్క

సమాధానం: వందనాలు చెల్లెమ్మా. ముందు పేరు సంగతి చూద్దాం. అది తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలతాయి.

ఈ మాట బైబిల్ మొత్తంలో ఒక్కచోటే ఉంది, మార్కు సువార్త 3వ అధ్యాయం 17వ వచనంలో. యేసు కొండ మీద పన్నెండుమందిని ఏర్పరచుకున్నప్పుడు వాళ్ళ పేర్ల జాబితా వస్తుంది. అందులో సీమోనుకి పేతురని పేరు పెట్టాడు. వెంటనే జెబెదయి కొడుకులు యాకోబు, యోహానులకి 'బోయనేర్గెసు' అని పేరు పెట్టాడు. దానికి 'ఉరిమెడు వారు' అని అర్థం చెప్పి మార్కు ముందుకి వెళ్ళిపోయాడు. ఎందుకు పెట్టాడో ఒక్క ముక్క రాయలేదు. మత్తయి, లూకా అదే జాబితా ఇచ్చారు గానీ ఈ పేరు ఊసే ఎత్తలేదు. పేతురు అనే పేరు మాత్రం నిలిచిపోయింది, అసలు పేరు సీమోనని మనకే గుర్తుండదు. బోయనేర్గెసు సంగతి వేరు. ఆ తర్వాత యోహానుని గానీ యాకోబుని గానీ ఎవరూ అలా పిలిచినట్టు అపొస్తలుల కార్యముల్లో లేదు, పత్రికల్లో లేదు. వాళ్ళూ ఎక్కడా చెప్పుకోలేదు. ఈ ఒక్క విషయం మీ తమ్ముడికి చెప్పినా సగం పనైపోతుంది.

పుట్టుక గురించి అడిగావు కాబట్టి కొంచెం ఓపిక పట్టు. మొదటి రెండక్షరాలు చూసి మన బోయవాళ్ళు గుర్తొచ్చారని సండే స్కూల్ పిల్లలు అంటుంటారు. ఆ మాటకీ దీనికీ సంబంధం లేదు. మార్కు గ్రీకులో రాశాడు. కానీ ఇది గ్రీకు మాట కాదు, యేసు రోజూ మాట్లాడిన అరామిక్‌ది గానీ హెబ్రీది గానీ. ముందున్న 'బోయనే' అనేది 'బ్నే', అంటే 'కుమారులు'. ఒక్క అచ్చు ఉండాల్సిన చోట రెండు ఎందుకొచ్చాయన్నది పండితులకి పాత తలనొప్పి. గలిలయ యాస కావచ్చని కొందరన్నారు. పేతురు నోరు విప్పగానే యాస పట్టేశారు కదా, అలాంటిదే.

అసలు చిక్కు వెనక సగంతో. 'ఉరుము'కి హెబ్రీలో మామూలు మాట 'రఅమ్'. అందులో 'గ' లేదు, చివర 'స' లేదు. మరి 'ర్గెస్' ఎలా వచ్చింది? ఒక జవాబు 'రగష్' అనే ధాతువు, అంటే గోల, అలజడి. రెండవ కీర్తన మొదటి వచనంలో 'అన్యజనులు ఏల అల్లరి రేపుచున్నారు' అన్నచోట హెబ్రీలో ఉన్నది అదే. సిరియా వాళ్ళ పాత బైబిల్లో ఈ పేరుని 'బ్నయ్ ర్గెష్' అని రాసి, దాని పక్కన మళ్ళీ 'అంటే ఉరుము కుమారులు' అని ఇంకో మాటతో వివరించారు. వివరించాల్సి వచ్చిందంటే 'ర్గెష్' అనగానే అందరికీ ఉరుము తట్టేది కాదన్నమాట. రెండో జవాబు 'రోగెజ్', అంటే కోపం, కంపన. యోబు గ్రంథం 37వ అధ్యాయంలో దేవుని స్వరం గర్జించడం గురించి చెప్పేటప్పుడు ఆ మాటే వాడారు. మూడోది లాటిన్‌లోకి బైబిల్ అనువదించిన జెరోముది. ఈ పేరు రాతలో చెడిపోయిందని, సరైనది 'బెనెరెఎమ్' అని ఆయన పట్టుబట్టాడు. ఆయన చెప్పినదాంట్లో పస లేకపోలేదు. హెబ్రీలో గొంతు లోపలి నుంచి పలికే ఒక అక్షరం గ్రీకులోకి వచ్చేసరికి కొన్నిసార్లు 'గ' అయిపోతుంది. గాజా, గొమొర్రా పేర్లలో 'గ' అలా వచ్చిందే. పైగా హెబ్రీలో మాట చివర వచ్చే 'మ', మామూలు 'స' రెండూ చూడ్డానికి మూసేసిన డబ్బాల్లా ఒకేలా ఉంటాయి.

ఈ మూడిట్లో ఏది నిజమో పండితులు ఇంకా తేల్చలేదు. 1913లో రెండల్ హారిస్ అనే ఇంగ్లీషు పండితుడు ఇంకో దారి పట్టాడు. చాలా జాతుల్లో కవల పిల్లల్ని ఉరుము పిల్లలని నమ్మేవాళ్ళని, యాకోబు యోహానుల పేరు వెనకా అలాంటిదే ఉందని పెద్ద పుస్తకమే రాశాడు. చదవడానికి భలేగా ఉంటుంది గానీ వాళ్ళు కవలలని సువార్తల్లో ఎక్కడా లేదు.

'కుమారులు' అన్నది మాత్రం మనవాళ్ళు గమనించాలి. ఆ భాషల్లో మనిషి స్వభావాన్ని 'ఫలానా దాని కొడుకు' అని చెప్పడం అలవాటు. యోసేపు అనే లేవీయుడికి అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారు. దాని అర్థం మన తెలుగు బైబిల్లో 'హెచ్చరిక పుత్రుడు' అని ఉంది. ఇక్కడ హెచ్చరిక అంటే బెదిరింపు కాదు, ధైర్యం చెప్పి నిలబెట్టడం. మార్కు గ్రీకులో 'ఉరుము కుమారులు' అనే రాశాడు. తెలుగు చేసినవాళ్ళు కొడుకుల్ని పక్కనబెట్టి 'ఉరిమెడు వారు' అని సూటిగా చెప్పేశారు. బాగానే ఉంది. కాకపోతే 'ఉరిమెడు వారు' అనగానే మనకి మైకు ముందు అరిచేవాళ్ళు కళ్ళముందుకొస్తారు. మార్కు చెప్పింది వాళ్ళ గొంతు గురించి కాదు, వాళ్ళ తత్వం గురించి.

ఆ తత్వం ఏంటో తెలియాలంటే ఈ అన్నదమ్ములు నోరు తెరిచిన చోట్లు చూడాలి. ఎక్కువ లేవు.

మార్కు 9లో యోహాను వచ్చి, ఎవడో నీ పేరున దయ్యాల్ని వెళ్ళగొడుతున్నాడు, మనల్ని వెంబడించడం లేదు కాబట్టి ఆపేశాం అంటాడు. 'నిన్ను' అనలేదు చూడు, 'మనల్ని' అన్నాడు. యేసు ఆపొద్దన్నాడు. మార్కు 10లో ఇద్దరూ కలిసొచ్చి మహిమలో నీ కుడి పక్కనొకరం, ఎడమ పక్కనొకరం కూర్చుంటాం అని అడిగారు. మిగతా పదిమందికీ ఒళ్ళు మండింది. మత్తయి ప్రకారం అడిగింది వాళ్ళమ్మ. సొంత దోనె, కూలివాళ్ళు ఉన్న ఇంటి పిల్లలు, ఆవిడకి ఆ మాత్రం ఆశ ఉండటంలో వింతేముంది?

ఇక లూకా 9. నువ్వు చెప్పిన వీధి సంగతి చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే. యేసు యెరూషలేముకి బయల్దేరి దారిలో ఒక సమరయ పల్లెలో బస కోసం మనుషుల్ని ముందు పంపాడు. ఆ ఊరివాళ్ళు రానివ్వలేదు. వాళ్ళ కోపానికి కారణం లేకపోలేదు. వాళ్ళు గెరిజీము కొండ మీద ఆరాధించేవాళ్ళు. నూరేళ్ళకి పైగా క్రితం యూదుల పాలకుడు హిర్కాను అక్కడి గుడిని పడగొట్టించాడు. ఇప్పుడు వీళ్ళు యెరూషలేము గుడికే వెళ్తున్నారని తెలిసింది, తలుపులు మూసేశారు. అప్పుడు యాకోబు, యోహాను అడిగారు: ప్రభువా, ఆకాశం నుంచి అగ్ని దిగి వీళ్ళని కాల్చేయమని మేం ఆజ్ఞ ఇవ్వమంటావా?

వాళ్ళు గాలికి అనలేదు, లేఖనం పట్టుకునే అడిగారు. రెండో రాజుల గ్రంథం మొదటి అధ్యాయంలో అహజ్యా రాజు ఏలీయాని పట్టుకు రమ్మని యాభైమందితో అధిపతిని పంపితే అగ్ని దిగి కాల్చేసింది. రెండోసారి పంపిన యాభైమందికీ అదే గతి పట్టింది. అదీ ఈ సమరయ ప్రాంతమే. వచనం ఉంది, చోటు సరిపోయింది, అవమానం జరిగింది. బైబిల్ కాలేజీలో మార్కులు వేయమంటే పూర్తి మార్కులు పడే ప్రశ్న. యేసు మాత్రం వెనక్కి తిరిగి వాళ్ళని గద్దించాడు. అందరూ ఇంకో ఊరికి నడిచి వెళ్ళిపోయారు. అంతే, పల్లె మీద ఒక్క మాట లేదు. గద్దింపు తిన్నది పల్లెవాళ్ళు కాదు, ఉరిమినవాళ్ళు.

మీ తమ్ముడికి ఇది తెలియక కాదు. పరీక్షలో రాసే ఉంటాడు. కానీ ఆదివారం మైకు ముందు నిలబడి ఒక వీధి పేరెత్తి అగ్ని అన్నప్పుడు వాడు ఆ పేరుకి తగ్గట్టే చేశాడు, అదీ ఆ పేరు పెట్టినవాడు వద్దన్న చోటే. మీ అమ్మగారి భయం ఉత్త భయం కాదు. మన ఊళ్ళలో ఇలాంటి ఒక్క మాట ఫోన్లో వీడియో అయి ఎంత దూరం పోతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

సమరయ కథ అక్కడితో అయిపోలేదు. ఇది చాలా ప్రసంగాల్లో జారిపోతుంది. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు సమరయలో సువార్త చెబితే జనం నమ్మారు. ఆ సంగతి విని యెరూషలేము నుంచి పంపిన ఇద్దరెవరో చూడు: పేతురు, యోహాను. అగ్ని దింపమంటావా అని అడిగిన యోహానే వెళ్ళి ఆ మనుషుల తలల మీద చేతులుంచి, వాళ్ళు పరిశుద్ధాత్మ పొందాలని ప్రార్థించాడు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ సమరయుల గ్రామాలు అనేకంలో సువార్త చెప్పుకుంటూ వచ్చారని 25వ వచనం. యాకోబు గతి వేరు. హేరోదు అగ్రిప్ప రాజు ఆయన్ని కత్తితో చంపించాడు, క్రీ.శ. 44 ప్రాంతంలో. పన్నెండుమందిలో హతసాక్షి అయినట్టు బైబిల్ చెప్పేది ఆయన ఒక్కడి గురించే.

ఇంకో విచిత్రం. ఉరుము కొడుకులన్న ఈ ఇద్దరి ప్రసంగం ఒక్కటి కూడా అపొస్తలుల కార్యముల్లో లేదు. పెంతెకొస్తు రోజున లేచి మాట్లాడింది పేతురు. దేవాలయం దగ్గర కుంటివాడు లేచాక జనంతో మాట్లాడిందీ పేతురే. యోహాను పక్కన నిలబడ్డాడు. యాకోబు ఒక్కడే మాట్లాడిన వాక్యం సువార్తల్లో వెతికినా దొరకదు.

మరి మండిపడే ప్రసంగీకుడికి ఈ పేరెలా అంటుకుంది? అది తర్వాత చర్చి చరిత్రలో జరిగింది. 17వ శతాబ్దంలో ఇంగ్లాండులో ప్యూరిటన్ల (చర్చిని ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టిన ప్రొటెస్టంట్ల) కాలానికి ఇది మామూలు మాటైపోయింది. వాళ్ళు దీన్ని ఒంటరిగా వాడేవాళ్ళు కాదు, బర్నబాతో జంటగా వాడేవాళ్ళు. నిద్రపోయే మనస్సాక్షిని లేపడానికి బోయనేర్గెసు, లేచి ఏడ్చేవాణ్ణి ఓదార్చడానికి బర్నబా. మంచి కాపరిలో ఇద్దరూ ఉండాలని వాళ్ళ లెక్క. మీ ఇంట్లో ఆ లెక్క సరిపోయిందని నాకనిపిస్తోంది, కాకపోతే ఇద్దరు మనుషుల్లో సర్దుకుంది. బోస్టన్‌లో కాటన్ మాథర్ అనే పాస్టరు 1727లో భూకంపం వస్తే, జనం భయం చల్లారకముందే చిన్న పుస్తకం అచ్చేసి దానికీ బోయనేర్గెసు అనే పేరు పెట్టాడు. అరేబియా లారెన్సుగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ తన మోటార్ సైకిళ్ళని ఇదే పేరుతో పిలుచుకునేవాడు. ఆ బండి చప్పుడుకి పేరు సరిపోయిందేమో.

మీ తమ్ముడికి పనికొచ్చే మనిషి మాత్రం గిల్బర్ట్ టెనెంట్. 1739లో జార్జ్ విట్‌ఫీల్డ్ అనే పేరున్న ఇంగ్లీషు ప్రసంగీకుడు అమెరికాలో ఈయన ప్రసంగం విని, ఇతను ఉరుము కుమారుడు, మనుషుల ముఖం చూసి భయపడడు అని డైరీలో రాసుకున్నాడు. మరుసటేడు, 1740లో, ఆ ఉరుము కుమారుడు మారుమనస్సు లేని పాస్టర్ల వల్ల ప్రమాదమంటూ తన తోటి సేవకుల మీదే విరుచుకుపడ్డాడు. 1741లో ప్రెస్బిటేరియన్ సంఘం రెండుగా చీలింది. చీలికకి ఆ ఒక్క ప్రసంగమే కారణం కాదు గానీ నిప్పులో నెయ్యి పోసింది అదే. తర్వాత టెనెంటే సమాధానం కోసం రాశాడు, తిరిగాడు. 1758లో రెండు ముక్కలూ కలిశాయి. నిప్పు రాజెయ్యడానికి ఒక్క ప్రసంగం చాలింది, విడిపోయినవాళ్ళు కలవడానికి పదిహేడేళ్ళు పట్టింది.

విట్‌ఫీల్డ్ గొంతు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్ళు ఆయన పేరే చెబుతారు. మైకులేని రోజులు. ఫిలడెల్ఫియాలో ఆయన కోర్టు మెట్ల మీద నిలబడి మాట్లాడుతుంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ మాట ఎంతదూరం వినిపిస్తుందో చూద్దామని నది వైపుగా వెనక్కి నడుచుకుంటూ పోయాడు. పక్క వీధి గోలలో మాట కలిసిపోయే దాకా స్పష్టంగానే వినిపించింది. మనిషికి రెండు చదరపు అడుగుల చోటు చొప్పున లెక్కగట్టి, ముప్పైవేల మందికి పైగా వినగలరని తేల్చాడు. అది ఆ రోజుల అవసరం. ఆ మనిషి 1770లో, యాభై అయిదేళ్ళకే పోయాడు, ముందురోజు కూడా ఆరుబయట ప్రసంగించి. మీ తమ్ముడి ముందు మైకుంది, వెనక రెండు బాక్సులున్నాయి. గట్టితనం చూసుకోవడానికి సౌండ్ అబ్బాయి ఉన్నాడు. ప్రతి ప్రసంగానికీ గొంతు పోతోందంటే మానిటర్ స్పీకర్ వాడి వైపు తిప్పమను. తన మాట తనకి వినిపిస్తే సగం అరుపు తగ్గుతుంది. బొంగురు మూడు నాలుగు వారాలైనా పోకపోతే వేడినీళ్ళు, మిరియాలని కూర్చోకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు నువ్వడిగినదానికి వస్తాను. అది పొగడ్తా కాదా అన్నావు. యేసు పెట్టాడు కాబట్టి తిట్టు మాత్రం కాదు. యాయీరు కూతుర్ని లేపినప్పుడు, రూపాంతరం కొండ మీద, గెత్సేమనేలో ఆయన వెంట తీసుకెళ్ళింది పేతురుని, ఈ ఇద్దర్నీ. ఆ ఉద్రేకం ఆయనకి కావలసిందే. కానీ అది బిరుదూ కాదు. ఇంట్లో కొంటె పిల్లాడికి ముద్దుగా పెట్టిన పేరులో ప్రేమ ఎంతుంటుందో, నీ సంగతి నాకు తెలుసురా అన్న మందలింపూ అంతే ఉంటుంది. నాకు అలాగే వినిపిస్తుంది. యూత్ పిల్లలు పిలుచుకుంటే పిలవనీ, నవ్వి ఊరుకోమను. ఫ్లెక్సీ మీద వద్దు. ఆ పేరు పొందినవాళ్ళే వేసుకోలేదు.

ఈ మాట ఎవరు చెప్పాలి? నువ్వే చెప్పాలి. నాన్నగారు చెబితే తండ్రికి కుళ్ళనుకుంటాడు, యూత్ పిల్లలూ అలాగే అనుకుంటారు. అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో అని ఒకాయన వస్తాడు. మంచి వక్త, లేఖనాల్లో దిట్ట, ఆత్మలో మహా తీవ్రత. ఎఫెసు సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతుంటే ప్రిస్కిల్ల, అకుల విన్నారు. లోటు కనిపెట్టారు. జనంలో లేచి ఏమీ అనలేదు. ఇంటికి తీసుకెళ్ళి దేవుని మార్గం ఇంకా బాగా వివరించారు. ఆ భార్యాభర్తల్లో లూకా ముందు రాసిన పేరు ప్రిస్కిల్లది, గమనించు. అన్నం పెట్టి, వాడు చెయ్యి కడుక్కున్నాక లూకా 9, కార్యములు 8 రెండూ పక్కపక్కన తెరిచిపెట్టు. ప్రసంగం చెయ్యకు. యోహాను రెండోసారి సమరయ ఎందుకు వెళ్ళాడురా అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకో. కాలేజీ చదువు వాడిది, జవాబు వాడే చెబుతాడు.

వీధి సంగతి మాత్రం నానబెట్టకు. ఆ మాట మందిరంలో అన్నాడు కాబట్టి మందిరంలోనే వెనక్కి తీసుకోవాలి, వచ్చే ఆదివారమే. పొడుగ్గా అక్కర్లేదు, పోయినవారం ఆ వీధి గురించి అలా అనకూడదు, నేనన్నది తప్పు అంటే చాలు. తర్వాత నాన్నగారితో కలిసి అటు వెళ్ళమను. కరపత్రాలు తీసుకెళ్ళొద్దు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఉన్న మనిషి, ఆయనకి అక్కడ తెలిసినవాళ్ళు ఉండకపోరు. ముందు ఆయన్ని మాట్లాడనివ్వాలి.

ఇదంతా ఫ్లెక్సీ ఆర్డరివ్వకముందే అవ్వాలి. ప్రింటయ్యాక ఏ కుర్రాడూ వెనక్కి తగ్గడు, డబ్బులు పోయాయన్న ఉక్రోషం ఒకటి తోడవుతుంది. పేరుకి ముందు ఏదో ఒకటి ఉండి తీరాలంటే 'బ్రదర్' అని వేయించండి. ఇక ఫోటో సైజు గొడవ నేను తీర్చలేను చెల్లెమ్మా. జెబెదయి ఇంట్లోనూ కుడి పక్క ఎవరు, ఎడమ పక్క ఎవరన్నది అమ్మ దాకా వెళ్ళింది. మీ అమ్మగారికే వదిలేయండి.